డిక్కీలో గుండె చప్పుడు

బీరంగూడ కమాన్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. సాయంత్రం ఆరున్నరకు ముంబయి హైవే మీద అది కొత్తేం కాదు. పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే కంపెనీ బస్సులు, లారీలు, ఆటోలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ముందు సీట్లో నా పక్కన నాన్న. వెనక మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా అబ్బాయి.

అంతలో మా ఎడమ పక్కకు ఓ కారు వచ్చి ఆగింది. దాని అద్దాలన్నీ మూసే ఉన్నాయి. అయినా మా కారు డోరు ‘ధన్... ధన్...’ మని అదిరింది. డ్యాష్‌బోర్డు మీదున్న చిన్న వినాయకుడు కూడా కదిలాడు. ‘ఏం పిచ్చో ఈ కుర్రాళ్లకి’ అని విసుక్కోబోతూ నాన్న వైపు చూసి ఆగిపోయాను. ఆయన అరచేతిని డోరుకు ఆనించి, కళ్లు సగం మూసుకుని నవ్వుతున్నాడు.

‘‘పాట మంచిగున్నదిరా’’ అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. మా నాన్నకు చెవులు సరిగా వినపడవు. పాట సంగతి దేవుడెరుగు, పక్కన కూర్చున్న నా మాటే అందదు.

‘‘ఏం పాట నాన్నా?’’ గట్టిగా అరిచాను.

‘‘పాట ఎరుకలేదు. గని గిక్కడ కొట్టింది’’ అంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ట్రాఫిక్ కదిలింది. ఆ కారు వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాటలకు తలుపులు మూసుకున్న ఆ చెవులకు ఇంకో దారి ఏదో మిగిలి ఉందన్నమాట! మర్నాడు పొద్దున్నే ఇంట్లో ప్రకటించాను... ‘మన కారుకు వూఫర్ పెట్టిస్తున్నా’ అని.

‘‘డిక్కీల డబ్బా పెడితే బియ్యం మూట యాడ పెట్టాలె?’’ అమ్మ మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్న ఎంత విలువైనదో నాకు తర్వాత గానీ తెలిసిరాలేదు.

ప్రెస్‌షాపు పట్టుకుపోయింది

నాన్న 1984లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఓ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాడు. ప్రెస్‌షాపులో పని. ఇనుప రేకు మీద టన్నుల బరువుతో డై దబ్బున పడుతుంది. రేకు వంగి ఓ ఆకారానికి వస్తుంది. మళ్లీ దబ్బున పడుతుంది. షిఫ్టంతా అదే. 31 ఏళ్లు అలాగే గడిచాయి. ‘చెవుల్ల దూది పెట్టుకునేటోళ్లం’ అంటాడు. ఆ చప్పుడు ముందు దూది ఏపాటిది!

శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు 8 గంటలకు మించి అక్కడ ఉండకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ప్రెస్‌షాపుల్లో చప్పుడు ఆ హద్దుల్లో ఎక్కడుంటుంది? పటాన్‌చెరు కాలుష్యం అనగానే అందరికీ నక్కవాగు గుర్తొస్తుంది. నీళ్ల గురించి, గాలి గురించి కోర్టుల దాకా వెళ్లారు. చెవుల్లోకి పోయిన చప్పుడుకు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. అందుకే ఎవరికీ కనిపించలేదు.

చెవి డాక్టరు పరీక్ష చేసి ఓ గ్రాఫు చూపించారు. తక్కువ స్థాయి శబ్దాల దగ్గర గీత పర్వాలేదు. 4000 హెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి బావిలో పడ్డట్టు కిందికి పడిపోయింది. ‘ఫ్యాక్టరీ చెవులు’ అన్నారాయన. మోతలో ఏళ్ల తరబడి పని చేసినవాళ్లకు మొదట దెబ్బ తినేది అక్కడేనట. మన మాటల్లో క, త, ప, స లాంటి హల్లుల పదును ఉండేది కూడా పైస్థాయి శబ్దాల్లోనే. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మా ఇంట్లో ‘కప్పు ఇవ్వు నాన్నా’ అంటే ‘ఆఁ, ఇయ్యాల టమాట పప్పే’ అని జవాబొస్తుంది. నవ్వుకుంటాం. కానీ ఆ నవ్వులో తాను లేనని ఆయనకు తెలుసు. అందుకే మెల్లగా మాట్లాడటమే తగ్గించేశాడు. చెవి మిషన్ కొన్నాం. ‘గిండ్ల అన్నీ ఇనవడ్తయ్, మనిషి మాట తప్ప’ అని దాన్ని బీరువాలో పెట్టేశాడు.

అలాంటి మనిషికి ఒకప్పుడు పాటలంటే ప్రాణం. 1989లో బోనస్ డబ్బులతో టూ-ఇన్-వన్ కొన్నాడు. దాంతోపాటు తెచ్చిన మొదటి క్యాసెట్ ‘గీతాంజలి’. ఆ సినిమాలో ఒక పాటకు ఇళయరాజా గుండె చప్పుడునే తాళంగా వాడారు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఆ పాట పెట్టుకుని పడుకునేవాడని అమ్మ చెబుతుంది. అరచేతిలో ఇమిడే ఆ స్పీకర్లలో గుండె చప్పుడు ఏమాత్రం వినిపించి ఉంటుందో మరి!

వాట్లు చదవొద్దు!

వూఫర్ కొనడమంటే బజారుకెళ్లి పెద్దది చూసి తెచ్చుకోవడమే అనుకున్నాను. హైవే పక్కన ఓ షాపుకెళ్తే కుర్రాడు ‘ఇది చూడన్నా, 5000 వాట్స్’ అని మెరిసే డబ్బా ఒకటి చూపించాడు. నేను నోరు వెళ్లబెట్టాను. కొందామనే అనుకున్నాను. ఎందుకో ఆగి, తర్వాతి ఆదివారం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ ఓ చిన్న దుకాణంలో పెద్దాయన ఒకరు నా మాటలన్నీ విని, ఆంప్లిఫయర్ ఒకటి తీసి వెనక్కి తిప్పి చూపించారు.

‘‘వాట్లు చదవొద్దు బాబూ, ఫ్యూజు చదువు’’ అన్నారు.

దాని ఫ్యూజు 20 ఆంపియర్లు. బండి నడుస్తున్నప్పుడు కారులో కరెంటు సుమారు 14 వోల్టులు. రెండూ గుణిస్తే 280. అంటే దాని లోపలికి వెళ్లేదే 280 వాట్లయితే బయటికి 5000 ఎక్కడి నుంచి వస్తాయి? డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండేది క్షణకాలం వచ్చే పీక్ లెక్క, లేదంటే వట్టి గొప్ప. కాగితంలో చిన్నక్షరాలతో ‘ఆర్‌ఎంఎస్’ అని ఉంటుంది చూడండి, అదే గంటల తరబడి నిలకడగా ఇచ్చే అసలు బలం. ఆంప్లిఫయర్ ఆర్‌ఎంఎస్, వూఫర్ ఆర్‌ఎంఎస్ దాదాపు సమానంగా ఉండాలి. ఓమ్‌లు కూడా కుదరాలి. 2 ఓమ్‌ల భారం మోయలేని ఆంప్లిఫయర్‌కు 2 ఓమ్‌ల వూఫర్ తగిలిస్తే వేడెక్కి కూర్చుంటుంది.

పెద్దాయన ఇంకో ప్రయోగం చేశారు. డబ్బా లేని ఉత్త వూఫర్‌ను చేత్తో పట్టుకుని పాట పెట్టారు. పల్చగా, ప్రాణం లేనట్టు వినిపించింది. వూఫర్ అట్ట ముందుకు కదిలితే ముందున్న గాలిని నెడుతుంది. అదే సమయంలో వెనకున్న గాలిని లాగుతుంది. ఆ రెండూ కలిసిపోయి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ రెంటి మధ్య గోడ కట్టేదే డబ్బా. ‘సగం వూఫర్, సగం డబ్బా’ అన్నారాయన.

ఆ డబ్బాల్లో ప్రధానంగా రెండు జాతులు. ఒకటి సీల్డ్... అన్ని వైపులా మూసినది. లోపలి గాలి స్ప్రింగులా పనిచేసి అట్టను అదుపులో పెడుతుంది. దెబ్బ పడిందా, ఆగిందా అన్నట్టు స్పష్టంగా ఉంటుంది. చోటు తక్కువ చాలు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన 1954లో ఇంటి స్పీకర్లకు ఈ పద్ధతిని తెచ్చి పేరు పొందాడు. రెండోది పోర్టెడ్... ఒక గొట్టమో, కంతో ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘హూఁ’ మంటుంది కదా, అదే సూత్రం. ఆ గొట్టంలోని గాలి కూడా మోగడంతో అదే కరెంటుకు చప్పుడు పెరుగుతుంది. కానీ డబ్బా పెద్దదవుతుంది. కొలత తప్పితే ఒకే శబ్దాన్ని పట్టుకుని గుయ్యిమంటుంది.

ఇన్ని చెప్పాక నేనేం చేశాను? పోర్టెడ్ డబ్బాయే కొన్నాను! 12 అంగుళాల వూఫర్, దానికి రెడీమేడ్‌గా 50 లీటర్ల పెట్టె. ‘చిన్న బండికి ఎక్కువ బాబూ’ అన్నారు పెద్దాయన. నాన్నకు వినపడాలంటే గట్టిగా ఉండాలి కదా అన్నది నా వాదన.

పోరని చెవులు జర చూడు

డబ్బా బిగించిన రోజు సాయంత్రం అందరం కారెక్కాం. పాట పెట్టాను. వెనక అద్దం కంపించింది. నంబర్ ప్లేటు గలగలలాడింది. నాన్న ముఖం వెలిగింది. డోరు మీద చెయ్యి ఆనించి తాళం వేశాడు. నా జన్మ ధన్యమైందనుకున్నాను. ఆ ఆనందం రెండు నిమిషాలే.

మూడో నిమిషంలో ఆయన చెయ్యి చాచి వాల్యూమ్ తగ్గించేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. మా అబ్బాయి చెవులు రెండూ మూసుకుని కూర్చున్నాడు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఉన్నది ఒక్క సీటు వీపే కదా!

‘‘పోరని చెవులు జర చూడురా. నాయి ఎట్లనో పోయినయ్’’ అన్నాడు.

నాకు మాట రాలేదు. ప్రెస్‌షాపును తెచ్చి డిక్కీలో పెట్టింది నేనే.

‘‘ఇంకోటి... నువ్వు మాట్లాడేది ఇంతకుముందు గింతన్న తెలిసేది. ఇప్పుడు అది సుత ఇనవడ్తలేదు’’ అన్నాడు మళ్లీ.

ఈ సంగతి డాక్టరునడిగాను. ‘‘సహజమే. లావు శబ్దం సన్న శబ్దాన్ని కప్పేస్తుంది. ఆయనకు సన్నవి ముందే తక్కువ. మీరు దాని మీద దుప్పటి కప్పారు’’ అన్నారు నవ్వుతూ. చెవి మిషన్‌ను మళ్లీ సరిచేయిస్తామనీ, ఈసారి బీరువాకు కాకుండా చెవికి పెట్టాలనీ గట్టిగా చెప్పారు.

మర్నాడు డబ్బా తీసుకుని గుజరాతీ గల్లీకి వెళ్లాను. పెద్దాయన ఒక్కమాట కూడా దెప్పలేదు. కొంత తగ్గించుకుని వెనక్కి తీసుకున్నారు. 10 అంగుళాల వూఫర్ ఇచ్చి, దాంతోపాటు వచ్చే కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టారు. ‘‘డబ్బా కొనకు, చేయించుకో. కొలత ఇందులో ఉంది.’’

అగరుబత్తి పరీక్ష

ఆ కాగితం నిండా అర్థంకాని అక్షరాలు, అంకెలు. వూఫర్ సహజంగా ఏ స్థాయిలో ఊగుతుంది, దాని బిగువెంత, ఎంత గాలి స్ప్రింగుతో సమానం... ఇలాంటివి. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, తర్వాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ పూర్తిచేసిన లెక్కలివి. వాళ్లకు ముందు డబ్బా కొలత చాలావరకు చేతివాటమే. వాళ్ల తర్వాత అది గణితం అయింది. మనకు అవన్నీ తెలియనక్కర్లేదు. కాగితం చివర ‘సీల్డ్ అయితే ఇన్ని లీటర్లు’ అని ఉంటుంది. మా వూఫర్‌కు 18 లీటర్లు.

నేను లెక్కలేసుకుంటుంటే నాన్న కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. కాగితం లాక్కున్నాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. రిటైరయ్యాక అలా చూడటం అదే మొదటిసారి.

‘‘లోపలి కొలత వేరే, బయటి కొలత వేరే. వూఫర్ ఎనక భాగం సుత జాగ తింటది’’ అన్నాడు. లోపల 40 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు, 16 లోతు. గుణిస్తే 19.2 లీటర్లు. వూఫర్ ఆక్రమించేది తీసేస్తే 18. చెక్క మందం రెండువైపులా కలిపితే బయటి కొలత వస్తుంది. ఆ కొలతతో డిక్కీలో అట్టపెట్టె ఒకటి పెట్టి చూశాం. స్టెప్నీ తీయడానికి అడ్డం లేదు. అమ్మ బియ్యం మూటకు కూడా చోటుంది!

అమీన్‌పూర్‌లోనే మాకు తెలిసిన కార్పెంటర్‌తో 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క కోయించాం. పల్చటి ప్లైవుడ్ వేస్తే వూఫర్‌తోపాటు డబ్బా కూడా పాడుతుంది, అది కూడదు. జిగురు, స్క్రూలు నాన్నే చూసుకున్నాడు. ఆరాక వూఫర్ బిగించి, ఫోన్‌లోంచి మెల్లగా ఒక లోతైన శబ్దం పెట్టాం. ఎక్కడో ‘స్స్‌స్స్’ మని గాలి లీకవుతోంది. నాకు వినపడుతోంది గానీ ఎక్కడో తెలియడం లేదు. నాన్నకు అది వినపడనే వినపడదు. పాముబుసలాంటి ఆ సన్నటి శబ్దాలే కదా ఆయన పోగొట్టుకున్నది!

నాన్న లోపలికెళ్లి దేవుడి గూట్లోంచి అగరుబత్తి తెచ్చాడు. వెలిగించి అతుకుల వెంబడి మెల్లగా తిప్పాడు. నిటారుగా లేస్తున్న పొగ వెనక మూల దగ్గరకు వచ్చేసరికి వణికింది. ‘‘గిదే’’ అని వేలు పెట్టాడు. సిలికాన్‌తో పూడ్చాం. బుస ఆగిపోయింది.

‘‘ఎట్ల తెలిసింది నాన్నా?’’ అనడిగాను.

‘‘ప్రెస్‌కు గాలి లైన్లుంటయ్. నాకు చెవులు తగ్గినంక గట్లనే పట్టేటోణ్ని. మిషన్ బాగలేకుంటే చెవితోని కాదురా, కాళ్లతోని ఇంటుంటి. నేల కొట్టుడుల తేడా వస్తది. డై పగులుపట్టింది, ఆపుండ్రి అంటుంటి. ఒక్కసారి తప్పలే.’’

ఇరవై ఏళ్లుగా ఆయన చెవుడు గురించే మాట్లాడుకున్నాం. ఆయన వినికిడి గురించి అడగడం ఎవరికీ తట్టలేదు.

వైరింగ్ మాత్రం తెలిసిన మెకానిక్‌తోనే చేయించాం. అందులో రాజీ పడకండి. బ్యాటరీ నుంచి వచ్చే పవర్ వైరుకు బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు రాకుండా ఆపేది అదొక్కటే. ఎర్త్ వైరును రంగు గీకిన ఇనుము మీదే బిగించాలి. ఒరిజినల్ వైర్లను కోయకుండా కప్లర్లతో కలపమనండి, లేకపోతే వారంటీకి ఇబ్బంది రావచ్చు. డబ్బాను బోల్టులతో బాడీకి కట్టేయాలి. గట్టిగా బ్రేకు వేస్తే పదిహేను కిలోల పెట్టె వెనక సీట్లో ఉన్నవాళ్ల మీదికి ఎగిరిరాకూడదు కదా!

చెరువు పక్కన

పోయిన ఆదివారం పొద్దున్నే నాన్నను కారెక్కించుకుని అమీన్‌పూర్ చెరువు వైపు వెళ్లాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువది. పక్షులున్న చోట మోత పెట్టడం మర్యాద కాదు. అద్దాలు మూసేసి, వాల్యూమ్ మామూలు మాటంత ఉంచాను. 80 హెర్ట్జ్ దాటిన శబ్దాలేవీ వూఫర్‌కు వెళ్లకుండా కట్ చేశాం. మాటలుండే చోటుకు అది అడ్డం రాదు. గెయిన్ అనే మరను కూడా చాలా తగ్గించాం. అది వాల్యూమ్ బటన్ కాదు, ఆ సంగతి చాలామందికి తెలియక చివరిదాకా తిప్పేస్తారు.

నిజానికి చిన్న కారులో ఇంతకన్నా అవసరం లేదు. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 8 మీటర్లకు పైనే. మా కారు పొడవు 4 మీటర్లు కూడా లేదు. అంత పెద్ద తరంగం ఇంత చిన్న గదిలో పరుచుకునే చోటు లేక ఒత్తిడిగా మారుతుంది. అంటే కారే మన వూఫర్‌కు సాయం చేస్తుంది. చిన్న సీల్డ్ డబ్బా చాలన్న పెద్దాయన మాట వెనకున్న కిటుకు ఇదే.

‘గీతాంజలి’లోని ఆ పాట పెట్టాను.

నాన్నకు చెప్పలేదు. చెవి మిషన్ పెట్టుకుని చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. కొన్ని క్షణాలు గడిచాయి. సీటు వీపులోంచి మెత్తగా... డబ్ డబ్... డబ్ డబ్... ఆయన చెయ్యి మెల్లగా కదిలి గుండె దగ్గరకు వెళ్లింది. నా వైపు తిరిగాడు.

‘‘గిది... నా క్యాసెట్టు పాట కదరా?’’

తలూపాను.

‘‘గిండ్ల గుండె కొట్టుకుంటదని అప్పుడెరుకలేదు’’ అన్నాడు.

పాట అయిపోయింది. నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. నైట్ షిఫ్ట్ గురించి, సైకిల్ మీద అమీన్‌పూర్ నుంచి పటాన్‌చెరు పోయిన దారి గురించి, అప్పటి చెరువు గురించి. తర్వాతి పాట దానంతటదే మొదలైంది. నేను చెయ్యి చాచి స్టీరియో ఆపేశాను.

వూఫర్ ఎంపిక ఎలా అని ఇప్పుడు ఆఫీసులో కుర్రాళ్లు నన్నడుగుతున్నారు. ఫ్యూజు చూడమంటాను, ఆర్‌ఎంఎస్ చూడమంటాను, డిక్కీ కొలవమంటాను. అన్నిటికన్నా ముందు ఆ బండిలో ఎవరెవరు కూర్చుంటారో ఒకసారి లెక్క పెట్టుకోమంటాను.